అల తీసిన పెట్టె

అదిగో, ఇంకొకటి పోయింది. ముందు గరగరమని ఆకురాయి రాసిన చప్పుడు, తరవాత రజను ఉఫ్‌మని ఊదిన చప్పుడు, ఆ పైన బల్ల కింది గాలితిత్తి కాలితో తొక్కితే ఒకే ఒక్క స్వరం, గోడలో దిగిన మేకులా నిటారుగా. నిన్నటిదాకా ఆ స్వరం రెండుగా పలికేది. ఒక్కో మెట్టు కింద రెండేసి ఉక్కు రేకులు, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక, బజారుకు బయలుదేరిన మొగుడూ పెళ్లాల్లాగా, కలిసి నడుస్తున్నట్టే ఉంటుంది గాని అడుగు కలవదు. ఆ కలవని అడుగులోంచే అల పుట్టేది. మా ఆయన అల. రేడియోలో పాట ఏదో తెలియకముందే వాయించేది ఎవరో తెలిసిపోయేది దానివల్లే. ఇప్పుడు ఆ అకార్డియన్ నా ఎదురుగా బల్ల మీద పొట్ట తెరుచుకుని పడుకుంది. మెట్లు ఒక పక్క, దాని సొంత తిత్తి ఒక పక్క, రేకుల దిమ్మలు మైనంతో సహా ఊడి ట్రేలో వరసగా, పళ్లు పీకించుకున్న నోటిలా. రేకులబ్బాయి దాని మీద వంగి ఒక్కొక్క రేకునూ గీకుతున్నాడు. యాభై దాటినవాణ్ణి అబ్బాయి అంటున్నానంటే, వాళ్ల నాన్న ఉన్నప్పటి అలవాటు. నేను కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని వింటున్నాను. వినడం తప్ప నాకు ఇక్కడ వేరే పని లేదు. ఆయన రానన్నాడు కాబట్టి నేను వచ్చాను. కడుపు కోసేటప్పుడు కన్నవాళ్లను లోపలికి రానివ్వరుగా, నువ్వెళ్లి కూర్చో, అయ్యాక కబురు చెయ్యి, వచ్చి వాయించి చూసుకుంటాను అన్నాడు.

కింది స్వరాలూ పై స్వరాలూ నిన్నటికి అయిపోయాయట. నడుమవి ఇవాళ్టికి ఉంచాడట. "మాస్టారు ఎప్పుడూ తిరిగేది ఆ నడుమే కదా పిన్నిగారూ, అందుకే చెయ్యి కుదురుగా ఉన్న పూట చేద్దామని ఆపాను" అన్నాడు నేను రాగానే, టీ చేతికిస్తూ. చెయ్యి కుదురుగా ఉన్న పూట. వాడు మామూలుగానే అన్నాడు. నేను టీ మీద ఊదుతూ తల వంచుకున్నాను.

ఆ అల ఎవరూ కనిపెట్టింది కాదు, తేమ కనిపెట్టింది. పెళ్లయిన కొత్తలో ఆయన ఈ పెట్టెను వరద నీళ్లు చొచ్చిన ఎవరి ఇంట్లోంచో తెచ్చాడు. తిత్తికి బూజు, లోపల తుప్పు, ఏ మెట్టు నొక్కినా తగువులాడుకుంటున్న ఇద్దరి గొంతులు. రేకులబ్బాయి వాళ్ల నాన్న, పెద్దాయన, దాన్ని ఇదే బల్ల మీద విప్పి, ఇది తేల్చాలంటే వారం పడుతుంది బాబూ అన్నాడు. ఈయన పక్కన నిలబడి ఒక్కో స్వరం నొక్కుతూ, ఉండండి ఉండండి, ఇది తియ్యకండి, దీనికి ఇంకొంచెం పెంచండి అన్నాడు. పెద్దాయన ఆకురాయి పక్కన పెట్టి, నీకు పిచ్చిగాని పట్టిందా, నేను బాగుచేసేవాణ్ణి, చెడగొట్టేవాణ్ణి కాదు అన్నాడట. ఇద్దరూ ఆ వారమంతా పోట్లాడుకుంటూ, బతిమాలుకుంటూ, ప్రతి రేకునూ ఎంత తప్పాలో అంతే తప్పేలా గీకారు. ఇంటికొచ్చి మొదటిసారి వాయించినప్పుడు నేను గిన్నెలు తోముతున్నాను. కొళాయి కట్టేసి విన్నాను. నీళ్ల అడుగున దీపం పెట్టినట్టుంది. ఏడుపూ కాదు, నవ్వూ కాదు, రెంటికీ ముందు గొంతులో కదులుతుందే, అది. ఎలా ఉంది అన్నాడు. పెట్టెకు జలుబు చేసినట్టుంది అన్నాను. ఆ మాట అందరికీ చెప్పుకుని నవ్వేవాడు, మా ఆవిడే మొదటి విమర్శకురాలు అని.

గరగర. ఉఫ్. ఇంకో మేకు.

వాడి చెయ్యి ఎంత తేలిగ్గా పోతుందో. ఊరికే అలా తగిలిస్తాడు, వెంట్రుకంత లోహం రాలుతుంది, అయిపోయింది. ఇంతకాలం బతుకు వెంట్రుకంతేనా అనిపిస్తుంది. ఎన్ని హాళ్లు తిరిగాం. ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని హోటళ్లు. స్టేజీ పక్కన తెర వెనక కుర్చీ వేసుకుని, పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆయన కోటు భుజాన వేసుకుని కూర్చునేదాన్ని. అల మొదలు కాగానే జనం దగ్గడం మానేసేవాళ్లు. అది నాకు తెలిసేది, చీకట్లో అందరూ ఒక్కసారి కుర్చీల్లో వెనక్కి వాలిన చప్పుడు. డ్రమ్ములు వాయించే డబ్బా అన్నయ్య అనేవాడు, "చెల్లెమ్మా, మేమంతా ఇంత చెమటోడ్చి దంచుతాం, మీవాడు ఆ పెట్టెతో ఒక నిట్టూర్పు విడుస్తాడు, చప్పట్లన్నీ వాడికే. వచ్చే జన్మలో నేను గాలి పెట్టెనై పుడతాను, ఈ డబ్బా బతుకు నాకొద్దు." డబ్బా అన్నయ్య పోయాడు. వచ్చే జన్మలో ఏమయ్యాడో.

అతను ఉండి ఉంటే ఈ పని సాగనిచ్చేవాడు కాదు. ఇదివరకు ఒకసారి మా ఆయన మారాడుగా. జుట్టు నెరవడం మొదలైన వయసులో, కొత్తవాళ్లు కరెంటు వాద్యాలతో దిగినప్పుడు, అల పాతబడిందని ఎవరో రాశారు, అరిగిన రికార్డు అని. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. పెట్టెను మంచం కిందికి తోసి కీబోర్డు కొన్నాడు, వైర్లూ డబ్బాలూ, ఇల్లంతా కాళ్లకు చుట్టుకునేవి. నిజం చెప్పొద్దూ, బాగానే వాయించేవాడు. కాని హాల్లో కూర్చున్నవాళ్ల ముఖాలు, ఇంటికి పిలిచిన చుట్టం కూర బాగాలేదని చెప్పలేక మంచినీళ్లు తాగుతుంటాడే, అలా ఉండేవి. ఆఖరికి వెనక వరసలోంచి ఒకాయన మర్యాదగానే లేచి, అయ్యా, మీ అల వినడానికి పొరుగూరి నుంచి వచ్చామండి అన్నాడు. ఆయన స్టేజీ మీదే స్విచ్చి కట్టేశాడు. ఆ రాత్రి దారిలో డబ్బా అన్నయ్యే అన్నాడు, "ఒరేయ్, వాళ్లు నీ పాట వినడానికి రారు. వాళ్ల పాతికేళ్ల వయసు వినడానికి వస్తారు. నువ్వు మారావంటే వాళ్లు ముసలాళ్లయిపోయినట్టు. ఒప్పుకుంటారా ఎవరన్నా." మరి నా వయసు ఎవడు వాయిస్తాడ్రా అని ఈయన అడిగాడు. డబ్బా అన్నయ్య డ్రమ్ముకర్రలు సంచీలో సర్దుకున్నాడు. మర్నాడు నేనే వంగి మంచం కింది నుంచి పెట్టె లాగి దులిపాను.

మారితే తిట్టారు, మారకపోతే నవ్వారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా అమ్మాయి పెద్దదయ్యాక అంది, నాన్నా, నువ్వు నీకే నకలు తీస్తున్నావు అని. ప్రేమతోనే అంది, దానికి ఆయనంటే ప్రాణం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదే తల్లీ అని నేను నవ్వించబోయాను. ఆయన నవ్వలేదు. ఆ తరవాత ఒక చలాకీ పిల్ల ఇంటికి వచ్చింది, చంకలో పలకంత వాద్యం. మీ అల అంటే నాకు పిచ్చి మాస్టారూ అని, ఒక బొత్తాం నొక్కింది. అల వచ్చింది. అచ్చం అదే. పెద్దాయనతో వారం పోట్లాడి సాధించిన అల. బొత్తాం మళ్లీ నొక్కితే పోయింది. ఆయన ఆ బొత్తాం మీద వేలు పెట్టి, వచ్చె, పోయె, వచ్చె, పోయె, చిన్నపిల్లాడు లైటు వేసి ఆర్పినట్టు చేస్తూ కూర్చున్నాడు. చాలా బాగుందమ్మా అన్నాడు. ఆ పిల్లకు టీ ఇచ్చి పంపాను. మంచి పిల్ల. తనేం చేసిందో తనకు తెలియదు.

అప్పటికే ఎడమచెయ్యి మొదలైంది. మొదట సాసరు చెప్పింది నాకు. కప్పు దాని మీద టకటకమని చప్పుడు చేసేది, ఆయన సాసరు వద్దనడం మొదలుపెట్టాడు. తరవాత చొక్కా బొత్తాలు నాకు వచ్చాయి. ఆ తరవాత ఆ చెయ్యి కోటు జేబులో కాపురం పెట్టింది. డాక్టరు ఒక పేరు చెప్పాడు. పేరు పెద్దదైతే మందు చిన్నదని అర్థం, ఆ వయసుకు నాకు ఆపాటి వైద్యం తెలుసు. బయట ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు. అమ్మాయికి కూడా. పెట్టె భుజానికెక్కితే చెయ్యి దానంతటదే సర్దుకుంటోందే, చూడు, వింటున్నావుగా, ఎక్కడన్నా తేడా ఉందా అనేవాడు. లేదు. నిజంగా లేదు. నేను చెవులు రిక్కించుకుని వినేదాన్ని, అల అలలాగే ఉండేది. పాట పట్టిన గంటసేపూ జబ్బు గుమ్మం బయట చెప్పుల దగ్గర కూర్చుంటుందని ఇద్దరం నమ్మాం. ఆ ఒక్క గంట మీదే ఆ మనిషి మిగతా రోజంతా నిలబడేవాడు.

మొన్న రికార్డింగులో పోయింది అది. గాజు గదిలో ఈయన, అవతల యంత్రాల దగ్గర ఒక కొత్తతను, పక్కన సోఫాలో నేను. వాయించడం అయ్యాక అతను మైకు కట్టేశాననుకుని పక్కవాడితో అన్నాడు, "పెద్దాయన చెయ్యి వణుకుతోందనుకుంటా, స్వరం ఊగుతోంది చూడు, పాపం." అది లోపల ఈయన చెవులకున్న వాటిల్లో పడింది. నేను గాజులోంచి ఆయన ముఖం చూశాను. తిట్టలేదు. పెట్టె దింపుకున్నాడు, ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు, వచ్చి కారెక్కాడు. ఎక్కాక అన్నాడు, ఇన్నాళ్లూ అల అన్నదాన్ని ఇప్పుడు వణుకంటున్నారు. ఇక నేను ఏం వాయించినా వాళ్లకు రోగమే వినపడుతుంది. తీయించేస్తాను. ఒప్పుకున్న ఆ చివరి ప్రోగ్రాం నిటారుగా వాయిస్తాను, గీత గీసినట్టు, వీడి చెయ్యి ఎంత గట్టిదో అనుకోవాలి. నేను అన్నాను, వాడెవడో తెలియనివాడు అన్నదానికి ఇల్లు తగలెట్టుకుంటామా అని. పెట్టె నాది, చెవి నాది, మధ్యలో నీకెందుకే అన్నాడు. అంత కోపంగా ఎప్పుడూ అనలేదు.

"పిన్నిగారూ, ఇది వినండి," అన్నాడు రేకులబ్బాయి తల ఎత్తకుండా. తిత్తి తొక్కాడు. ఒక స్వరం వచ్చింది, పొడుగ్గా, మచ్చ లేకుండా, కడిగిన గాజులా. "ఎలా ఉంది."

"బాగుంది నాయనా. ఆస్పత్రి వరండాలా ఉంది."

వాడు నవ్వాడు. "మా నాన్న ఉంటే నన్ను చెప్పుతో కొట్టేవాడు. ఆయన పెట్టింది నేను తీస్తున్నాను. కాని మాస్టారి మాట కాదనగలనా. ఒక్కటి మాత్రం ముందే చెప్పాను ఆయనకి, ఈ రేకులు ఇప్పటికే అరిగి అరిగి ఉల్లిపొర అయ్యాయి. ఇంకోసారి అల పెట్టమంటే నావల్ల కాదు, విరుగుతాయి. ఇదే ఆఖరు."

మళ్లీ తొక్కాడు, అదే స్వరం, కాలు నిలకడగా, గాలి నిలకడగా. తెల్లటి గుడ్డ పరిచినట్టుంది. తెల్లటి గుడ్డ మీద చిన్న మరక పడ్డా కనపడుతుంది, అదే పూలగుడ్డ అయితే కూర ఒలికినా తెలియదు, అందుకే పిల్లలున్న ఇంట్లో నేనెప్పుడూ పూలదుప్పట్లే, మా అత్తగారు అనేది పూలు దోషాలకు గొడుగు పడతాయని. ఈ పెట్టెకు గాలి ఇచ్చేది ఎడమచెయ్యి. కుడిచెయ్యి మెట్లు నొక్కుతుంది, ఎడమచెయ్యి తిత్తి లాగి మూస్తుంది, ఎంత గాలి అంటే అంత గొంతు. మొన్నామధ్య ఎడమ పట్టీ బకిలు ఆయన పెట్టుకోలేకపోతే నేను పెడుతున్నాను, నా చెయ్యి ఇంకా పట్టీలో ఉండగానే ఆయన ఒక స్వరం పట్టాడు. తిత్తి నా అరచేతి కింద కదులుతోంది, చలికి ముడుచుకున్న కుక్కపిల్ల పొట్టలాగా, సన్నగా, ఆగకుండా. చెవికి మాత్రం ఏమీ తెలియలేదు. చెవికి అలే వినపడింది. చెయ్యి తీసేసుకుని, పాత తిత్తి, గాలికి అలాగే ఆడుతుందిలే అనుకున్నాను.

పాత తిత్తి కాదు.

ఆ చెయ్యి ఎన్నడూ సర్దుకోలేదు. పాట పట్టినా, పెట్టె భుజానికెక్కినా, జబ్బు గుమ్మం బయట కూర్చోలేదు, లోపలే ఉంది, పాటలోనే ఉంది, అల దాన్ని కొంగు కింద దాచుకుని మోసింది. ఇద్దరం అలను విని చెయ్యి బాగుందనుకున్నాం. ఆ యంత్రాల దగ్గర అతనికి అల తెలియదు, అలవాటు లేని చెవి, అందుకే వాడికి ఉన్నది ఉన్నట్టు వినపడింది. వాడు తప్పు వినలేదు. మేమే ఇన్ని నెలలు తప్పు విన్నాం. ఇప్పుడు ఆయన వణుకు వినపడకూడదని దాన్ని కప్పే ఒకే ఒక్క గుడ్డను తీయిస్తున్నాడు, నేను స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాను.

"అబ్బాయ్," అన్నాను. "ఇంకా ఎన్ని ఉన్నాయి."

"నడుమ సగం ఉన్నాయి."

"వాటిని అలాగే ఉంచేస్తే."

ఇప్పుడు తల ఎత్తాడు. "సగం గడ్డం గీసి పంపమంటారా పిన్నిగారూ. ఉంటే మొత్తం ఉండాలి, పోతే మొత్తం పోవాలి. సగం ఉంచితే చెడిపోయిన పెట్టె అంటారు, నా పేరు పోతుంది." కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను చూశాడు. "మాస్టారు ఏమన్నా మనసు మార్చుకున్నారా. చెప్పండి. ఇప్పటికిప్పుడు ఆపేస్తాను. కిందా పైనా వేరే రేకులు వేసి ఎలాగోలా సర్దుతాను, అతుకులు పడతాయిగాని ప్రయత్నిస్తాను."

చెప్తే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే చెయ్యి చెప్పాలి. మాట ఇచ్చాను. మాట పక్కన పెట్టినా, ఆయనకు ఏమని చెప్పను. నీ చెయ్యి పాటలో కూడా వణుకుతోందని, ఆ ఒక్క గంట కూడా నీది కాదని, ఏ నోటితో. అల ఉంటే జనానికి దాగుతుంది, ఆయనకు దాగదు, నేను చెప్పేశాక ఏ స్వరం పట్టినా దాంట్లో అదే వెతుక్కుంటాడు. అల లేకపోతే తనే వింటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు, నాకు రెండూ నుయ్యే. ఎలాగూ పడేదే అయితే నా చేత్తో తోయడం ఎందుకు అనుకున్నానో, చెప్పే ధైర్యం లేక అనుకున్నానో, ఇంకో పూట ఆ నమ్మకం ఆయన దగ్గర ఉండనీ అనుకున్నానో, మూడూ అనుకున్నాను. వాడు ఆకురాయి గాల్లో పట్టుకుని నా కోసం ఆగాడు. కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"కానివ్వు నాయనా," అన్నాను. "కాసిని మంచినీళ్లుంటే ఇవ్వు."

గరగర. ఉఫ్. ఇక లెక్క పెట్టలేదు. ఒక్కొక్కటే మేకు దిగుతుంటే, అలలు లేని నీళ్లు ఎలా ఉంటాయో చూస్తున్నట్టు కూర్చున్నాను. మైనం కరిగిన వాసన వచ్చింది, దిమ్మలు లోపలికి వెళ్లాయి, మరలు బిగిశాయి, పెట్టె మళ్లీ పెట్టె అయింది. వాడు ఫోను చేశాడు.

ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఎడమచెయ్యి జేబులో. చొక్కా బొత్తాలు ఎవరు పెట్టారో, ఒకటి ఎగుడుదిగుడుగా ఉంది. "ఏరా, మీ నాన్న చేసిన పాపం కడిగేశావా," అన్నాడు నవ్వుతూ. ఎన్నాళ్లకో అంత హుషారుగా ఉన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు, నేను పట్టీలు పెట్టాను. నా వేళ్లు పట్టీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఉన్నట్టున్నాయి, వదలవే అన్నాడు.

ఒక్క స్వరం పట్టాడు, పొడుగ్గా.

గది చిన్నది. దాక్కోవడానికి చోటు లేదు. కడిగిన గాజు లాంటి ఆ స్వరం మధ్యలో తెగుతూ, పట్టుకుంటూ, తెగుతూ, మెట్లెక్కి ఆయాసపడే మనిషి ఊపిరిలా వచ్చింది. ఆయన ఆపాడు. మళ్లీ పట్టాడు, ఇంకా గట్టిగా. ఇంకా బాగా తెలిసింది.

రేకులబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "క్షమించండి మాస్టారూ, ఎక్కడో ఒక రేకు మిగిలిపోయినట్టుంది. ఇవ్వండి, ఇప్పుడే చూస్తాను." పెట్టె అందుకుని తన ఒళ్లో పెట్టుకుని తిత్తి లాగాడు. స్వరం నిటారుగా వచ్చింది. పక్కది నొక్కాడు, అదీ అంతే. ఒక్కొక్కటే నడుమ స్వరాలన్నీ నొక్కాడు, పాపం, ఎంత శ్రద్ధగానో, చెవి పెట్టెకు ఆనించి. అన్నీ నిటారే. "నా చేతిలో బాగానే ఉందే," అన్నాడు. అనేసి ఆగిపోయాడు. ఎక్కడ చూడాలో తెలియక మైనం గిన్నె మీద మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

మా ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. నాకు ముందే తెలుసా అని చూశాడంతే, నా ముఖంలో ఉన్నది చదువుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ ముఖంలో ఆయనకు తెలియని అక్షరం లేదు.

"పని బాగా చేశావురా అబ్బాయ్," అన్నాడు. "మచ్చ లేదు."

"మాస్టారూ..."

"నువ్వు వాయించు. నాకు వినాలని ఉంది."

వాడు నా వంక చూశాడు, ఆయన వంక చూశాడు, పెట్టె భుజాలకు తగిలించుకున్నాడు. వాడేమంత వాద్యగాడు కాదు, రేకులు సరిచూసుకునేంతవరకే వస్తుంది. చిన్న పాట ఏదో, పిల్లలు నేర్చుకునేది, నిదానంగా మొదలుపెట్టాడు. నిటారుగా, శుభ్రంగా, ఎవరిదీ కాని గొంతుతో వచ్చింది పాట. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. అలవాటుగా కుడిచెయ్యి మోకాలి మీద మెట్లు నొక్కుతోంది, ప్రతి వేలూ సరిగ్గా, ఒక్కటీ తప్పకుండా. ఎడమచెయ్యి జేబులోంచి బయటికి వచ్చి కుర్చీ చేతి మీద ఉంది. దాన్ని దాచాలన్న సంగతి ఆయన మరిచిపోయాడో, మానేశాడో.